రిబ్బను కత్తిరించాక...

ఆంధ్రులు ఆరంభశూరులని ఓ పాత అపవాదు. ఎవరు అంటగట్టారో గానీ, జులై నెలలో గుంటూరు, ఒంగోలు, చీరాల, నరసరావుపేటల్లో ఏ ఫంక్షన్ హాల్లోకి తొంగిచూసినా ఆ మాట గుర్తొస్తుంది. వేదిక మీద పూలదండలు, శాలువాలు. కోటుకు కొత్త బ్యాడ్జీ పెట్టుకుని మైకు ముందు ప్రమాణం చేస్తున్న కొత్త అధ్యక్షుడు. ఈ ఏడాది ఫలానా బడికి బల్లలు, ఫలానా ఊరికి మంచినీళ్లు, ఫలానా చోట కంటి శిబిరం... అంటూ హామీల జాబితా. చప్పట్లు. ఆపైన భోజనాలు.

ఇందులో వెక్కిరించాల్సింది ఏమీ లేదు. సొంత పనులు మానుకుని, జేబులోంచి కొంత తీసి, మిగతాదానికి పదిమంది ముందు చేయిచాచి ఊరికోసం ఏదన్నా చేద్దామనుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే. చిక్కల్లా ఒక్కటే. రోటరీ, లయన్స్ క్లబ్బులకు సంవత్సరాది జులై 1న వస్తుంది. జూన్ 30తో అధ్యక్షుడి పదవి అయిపోతుంది. కుర్చీ ఏడాదికి. పనేమో పదేళ్లు నడవాల్సింది. ఈ రెంటికీ పొత్తు కుదిరేదెలా?

షికాగో నుంచి మన వీధి దాకా

1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కూర్చుని మొదలుపెట్టింది రోటరీ. సమావేశం ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి ఇంకొకరి దగ్గర వంతులవారీగా తిరిగేది కాబట్టి ఆ పేరు. అదే ఊళ్లో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ 1917లో లయన్స్‌కు ప్రాణం పోశాడు. రోటరీ 1919లో కలకత్తాకు, లయన్స్ 1956లో బొంబాయికి వచ్చాయి. 1961లో మన హైదరాబాద్‌లోనే వాసవీ క్లబ్బులు పుట్టాయి. అన్నట్టు, ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి లయన్స్‌కు 1987 దాకా, రోటరీకి 1989 దాకా పట్టింది!

పేర్లు పరాయివైనా పని మాత్రం మనవాళ్లకు కొత్త కాదు. ఎండాకాలం బాటసారులకు చలివేంద్రం పెట్టడం, బాట పక్కన బావి తవ్వించడం, సత్రం కట్టించడం తాతల నాటి నుంచీ ఉన్నవే. అప్పట్లో ఆ పుణ్యం ఒక ఇంటి పేరున నడిచేది. తండ్రి తవ్వించిన బావికి కొడుకు పూడిక తీయించేవాడు. క్లబ్బు వచ్చాక నలుగురూ కలిశారు, చేయి పెద్దదయింది. కానీ పూడిక తీయించే కొడుకెవరన్నది మాత్రం తేలకుండా మిగిలిపోయింది.

కల్లంలో చందా పుస్తకం

ఈ ప్రాంతంలో చందాలకు కూడా ఒక పంటకాలం ఉంది. పత్తి తీతలు నవంబరు నుంచి ఊపందుకుంటాయి. మిరప కోతలు సంక్రాంతి దాటాక జోరందుకుని వేసవి దాకా సాగుతాయి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు గుట్టలు పడే రోజుల్లో కమీషన్ వ్యాపారి చేతిలో, జిన్నింగు మిల్లు యజమాని చేతిలో, కోల్డ్ స్టోరేజీ యజమాని చేతిలో డబ్బు ఆడుతుంది. పురుగుమందుల దుకాణంలో పాత బాకీలు వసూలవుతాయి. బట్టల కొట్టు, బంగారం కొట్టు, నర్సింగ్ హోమ్... అన్నిటికీ ఆ మూలధారే. చందా పుస్తకం తెరవాల్సింది అప్పుడే.

జులైలో ప్రమాణం చేసిన అధ్యక్షుడికి ఆ డబ్బు చేతికందేసరికి మార్చి అవుతుంది. జూన్ 30 లోపు ఖర్చు చేయాలి, రిబ్బను కత్తిరించాలి, ఫొటో తీయాలి. నెమ్మదిగా ఆలోచించే తీరిక ఎక్కడిది? అందుకే మూణ్నెల్లలో పూర్తయ్యే పనులే ముందుకొస్తాయి.

ఇంకో చిక్కూ ఉంది. 1987-88లో తెల్లదోమ పత్తిని మింగేసింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల్ని పూతలోనే మాడ్చేసింది. అలాంటి ఏడాది ఊరికి సాయం ఎక్కువ కావాలి. చందా ఇచ్చే చేతులు మాత్రం ఆ ఏడాదే ముడుచుకుంటాయి. పంట బాగున్నప్పుడు వచ్చినదంతా అప్పుడే ఖర్చుపెట్టేస్తే, పంట పోయిన ఏడాది క్లబ్బు కూడా రైతులాగే చేతులు పిసుక్కుంటూ కూర్చోవాలి.

రెండో ఏడాది నీళ్లు

పాత ప్రకాశం జిల్లా పడమటి దిక్కున మంచినీటి కంటే పెద్ద సేవ లేదు. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించి, తొలిసారి శాస్త్రీయంగా వివరించింది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో ఆ సంగతి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడ్డది 1970లో. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు. ముందు పిల్లల పళ్ల మీద గారమచ్చలు, ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లనొప్పులు, చివరికి వంగిపోయిన నడుము. నీళ్లు కాచి తాగినా లాభం లేదు. ఆవిరి పోయేది నీరే, ఫ్లోరైడు గిన్నెలోనే ఉంటుంది.

అందుకే ఊళ్లలో శుద్ధజల ప్లాంట్లు వెలిశాయి. ప్రభుత్వం కొన్ని, కంపెనీలు కొన్ని, విదేశాల్లో స్థిరపడిన ఊరివాళ్లు కొన్ని, సేవా క్లబ్బులు కొన్ని పెట్టించాయి. బోరు నీటిని ఒత్తిడితో సన్నటి పొరలోంచి తోస్తే ఈవలికి మంచినీళ్లు వస్తాయి. ఫ్లోరైడు, ఉప్పులు ఆవలే మిగిలిపోతాయి. వినడానికి ఎంత తేలికో!

ప్రారంభోత్సవం రోజున నీళ్లు తియ్యగానే ఉంటాయి. అసలు పరీక్ష రెండో ఏడాది. ముందు వడపోతకు పెట్టిన ఫిల్టర్లు తరచూ మార్చాలి. కొన్నేళ్లకోసారి ఆ పొరనే మార్చాలి. కరెంటు బిల్లు కట్టాలి. ఆపరేటరుకు జీతమివ్వాలి. నీటిని అప్పుడప్పుడూ పరీక్షకు పంపాలి. వదిలేసిన మురికినీళ్లు మళ్లీ బోరు పక్కనే ఇంకకుండా చూడాలి. పొర పాడైతే చూపుకు తెలీదు. నీళ్లు తేటగానే ఉంటాయి, ఫ్లోరైడు మాత్రం లోపలికి పోతూ ఉంటుంది. మంచివేనన్న నమ్మకంతో తాగుతారు కాబట్టి అది మరీ ప్రమాదం.

నడుస్తున్న ప్లాంట్లను గమనిస్తే ఓ పోలిక కనిపిస్తుంది. డబ్బాకు ఎంతో కొంత వసూలుంటుంది. లెక్క రాసే పుస్తకం ఉంటుంది. ఊళ్లో నలుగురు బాధ్యులుంటారు. మూలనపడ్డ వాటికీ ఓ పోలిక ఉంది. ఉచితం, ఎవరికీ బాధ్యత లేదు, గోడ మీద శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు.

ఒకరి చేతి నుంచి ఒకరికి

ఏడాది అధ్యక్షులతో పెద్ద పని సాగదా మరి? సాగుతుంది. రోటరీ వాళ్లే చేసి చూపించారు.

1985లో రోటరీ 'పోలియో ప్లస్' మొదలుపెట్టింది. 12 కోట్ల డాలర్లు పోగుచేయాలనుకుంటే మూడేళ్లలో 24 కోట్లు దాటాయి. మన దేశమంతటా పల్స్ పోలియో ఆదివారాలు 1995 డిసెంబరులో మొదలయ్యాయి. బస్టాండులో, రైల్వే స్టేషన్లో, బడి వరండాలో బల్ల వేసి ఐసు పెట్టెలో మందు పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూడని కుటుంబం ఉండదు. రెండు చుక్కలు వేయడం, చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టడం. మిరప కోతలకు కర్నూలు నుంచో, ప్రకాశం పడమటి ఊళ్ల నుంచో వచ్చి చేల గట్ల మీద గుడిసెలేసుకున్న కూలీల పిల్లల్ని వెతికి మరీ వేయాలి. వాళ్లు ఈ ఊరి లెక్కలో ఉండరు, సొంతూళ్లో దొరకరు. ఒక్క పిల్లాడు తప్పిపోయినా వైరస్‌కు దారి దొరికినట్టే.

మందు వేసింది ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, అంగన్‌వాడీ కార్యకర్తలు. వాళ్లకు తోడుగా వాహనం, టిఫిను, మైకు ప్రచారం, బ్యానర్లు, అదనంగా రెండు చేతులు... ఇవి క్లబ్బుల వంతు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు.

1985 నుంచి 2014... ఇరవైతొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో రోటరీకి అంతర్జాతీయ అధ్యక్షులు ఏటా మారారు. ఊరూరా క్లబ్బు అధ్యక్షులూ మారారు. వచ్చిన ఏ ఒక్కరూ 'ఇది పాతవాళ్ల పని, నాది వేరే' అనలేదు. పేరు పడని పనిని కూడా కొత్తవాడు భుజానికెత్తుకున్నాడు. ఆ గెలుపు రహస్యం అంతే.

ఒక కంటికి నలుగురు

కలిసి పనిచేయడం ఎలాగో తెలియాలంటే కంటి శిబిరాన్ని చూడాలి. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి అంధుల తరఫున పోరాడమని వాళ్లను కోరింది. అప్పటి నుంచీ కంటి సేవ లయన్స్‌కు ఇంటి పనైపోయింది. వెనకటికి బడి గదుల్లోనే ఆపరేషన్లు చేసేవారు. ఇన్‌ఫెక్షన్ సోకితే చూపు వస్తుందనుకున్న కన్నే పోయేది. తర్వాత పద్ధతి మారింది. పరీక్ష ఊళ్లో, ఆపరేషన్ ఆసుపత్రిలో.

గుంటూరు దగ్గర పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి ఇలాంటిదే. 1977లో కోయంబత్తూరులో మొదలైన శంకర సంస్థ నమూనా సులువైనది. డబ్బు కట్టగలిగిన 20 శాతం మంది ఇచ్చే ఫీజులు, దాతల విరాళాలు కలిసి 80 శాతం పేదల చికిత్సను మోస్తాయి. ఏటా కొత్తగా చేయి చాచనక్కర్లేకుండా నడిచే ఏర్పాటన్నమాట.

అయినా పేద ముసలమ్మ ఆసుపత్రి దాకా రావాలి కదా. అక్కడే క్లబ్బుల అవసరం. ఒకరు ఆటోకు మైకు కట్టి ఊళ్లు తిరుగుతారు. ఒకరు ఆదివారం ఖాళీగా ఉండే స్కూలు బస్సు ఇప్పిస్తారు. ఒకరు భోజనం పెడతారు. ఒకరు బీపీ, షుగరు పరీక్షలు చేయిస్తారు. శుక్లం పూర్తిగా ముదిరేదాకా ఆగాలన్నది పాత మాటనీ, ఇప్పుడు ఆగనక్కర్లేదనీ నచ్చజెప్పడమే సగం పని. మిగతా సగం ఆపరేషన్ అయ్యాక ఉంటుంది. వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి, మళ్లీ పరీక్షకు రావాలి. కళ్లజోళ్లు పంచిన ఫొటో పేపర్లో వస్తుంది. పదిహేను రోజుల తర్వాత ముసలమ్మను బస్సెక్కించి తీసుకెళ్లిన వాళ్ల ఫొటో రాదు. చూపు నిలబెట్టేది మాత్రం ఆ రెండో ప్రయాణమే.

చందా ఇచ్చేముందు

క్లబ్బులు చేయదగ్గవి మూడున్నాయి. ఒకటి, పంట బాగున్న ఏడాది వచ్చినదాంట్లో కొంత బ్యాంకులో వేసి, వడ్డీతో పాత పనుల బాగోగులు చూడటం. రెండు, కొత్త అధ్యక్షుడి తొలి కార్యక్రమంగా గత ఐదేళ్లలో కట్టినవన్నీ ఒకసారి చూసి రావడం. మూడు, ఒకే వీధిలో రెండు క్లబ్బులు రెండు చలివేంద్రాలు పెట్టే బదులు, ఒకరు కుండలు పెడితే మరొకరు జూన్ దాకా నీళ్లు పోయడం.

మనవంతూ ఒకటుంది. చందా పుస్తకంతో ఎవరన్నా ఇంటికొస్తే కాదనకుండా ఇవ్వండి. ఇస్తూ ఒక్క మాట అడగండి. 'వచ్చే ఏడాది దీన్ని ఎవరు చూసుకుంటారు?' అని. జవాబు ఉన్నచోట ఇంకో వంద ఎక్కువ రాసినా తప్పులేదు.

ఆరంభశూరులన్న అపవాదును తుడిచిపెట్టిన ఊరు ఇక్కడే ఉంది. మునిసిపాలిటీ చేసి పన్నుల భారం మోపారని 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలేసుకుని పదకొండు నెలలు గడిపారు. ఎండకు, వానకు, చలికి ఓర్చారు. ఆయన కూడగట్టిన రామదండు వలంటీర్లు వాళ్లకు అండగా నిలిచారు. చివరికి జనం తిరిగి ఇళ్లకు చేరాల్సి వచ్చినా, వందేళ్ల తర్వాత కూడా చెప్పుకుంటున్నది వాళ్లు బయల్దేరిన రోజు గురించి కాదు, నిలబడిన ఆ పదకొండు నెలల గురించే.

శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేరు ఉంటుంది. ఫిల్టరు మార్చినవారి పేరు ఎక్కడా ఉండదు. పొదిలిలో ఓ పిల్ల పళ్లు తెల్లగా ఉన్నాయంటే మాత్రం అది ఆ పేరు లేని మనిషి చలవే.