మురుగున దిగువారి ప్రాణములు

మరణించినవాని కుటుంబమునకు పరిహార మిచ్చుట న్యాయము; మరణింపకుండ కాపాడుట ధర్మము. మన భాగ్యనగరము మొదటిదానిని నేర్చుకొనుచున్నది, రెండవదానిని మరచుచున్నది.

2016 ఆగస్టులో మాదాపురమున మ్యాన్‌హోలులో నలుగురు ఊపిరాడక మరణించిరి. 2017లో జలమండలి ఇరుకు సందులలో సైతము దూరగల 70 చిన్న యంత్రములను వీథులలోనికి తెచ్చెను. ఇది ప్రశంసనీయమే. కాని యంత్రములు వచ్చిన పిమ్మటను, 2021 ఆగస్టులో, సాహెబునగరున ఇద్దరు కూలీలు రాత్రివేళ మురుగులో దిగి ప్రాణములు గోలుపోయిరి. లోపము యంత్రమున లేదు. మనుష్యుని దింపుట చౌక యను మన లెక్కలో నున్నది.

ఈ మృత్యువు శాస్త్రమున కెరుగనిది కాదు. 1944లో పుట్టిన రసాయన పరిశోధనాలయము నేడు తార్నాకలో నున్నది. దాపుననే ఉస్మానియా విశ్వవిద్యాలయము గలదు. అచటికి కొలది మైళ్లలో, గోల్నాక ప్రక్కను, నగరపు మురుగులో కొంత మూసీ యొడ్డున చేరుచున్నది. విషవాయువుల గుణములు పరిశోధనాలయమున నెరుగని విద్యార్థి లేడు. మురుగున దిగువానికి చెప్పినవాడు లేడు. హైడ్రోజను సల్ఫైడు కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును. గాలిలో పదిలక్షల పాళ్లకు నూరు పాళ్లయినచో ఘ్రాణశక్తియే నశించును. కంపు పోయినది, భయము తీరినదని తలచినవాడే కూలును. వానిని లేవనెత్తబోయిన తోడివాడును కూలును. మూతికి కట్టిన తుండుగుడ్డ విషవాయువు నాపదు. గాలిని వడకట్టు ముసుగు ప్రాణవాయువును పుట్టింపజాలదు. పైనుండి గాలి నందించు గొట్టము, నడుమునకు త్రాడు, గట్టున కాపరి, దిగుటకు ముందు వాయుపరీక్ష: ఇవి లేక దింపుట హత్యతో సమానము.

బ్రతికి పైకి వచ్చినవాని గతి యేమి? ఆ మురుగుతోనే అన్నము తినును. ఆ బట్టలతోనే యింటికేగి బిడ్డ నెత్తుకొనును. కామెరలు, ఎలుకల మూత్రమువలన వచ్చు జ్వరములు ఆ విధముగ గడప దాటును. చేతితొడుగులను, బూట్లను విప్పకముందే కడుగవలెను. పిదప పైబట్టలు విడిచి, సబ్బుతో స్నానము చేసి, శుభ్రమైన వస్త్రములు ధరింపవలెను. మాసిన బట్టలు పనిచోటనే ఉతుకబడవలెను. ఇందుకు కావలసినది ఒక బండి, ఒక నీటితొట్టి, ఒక తెర మాత్రమే.

రక్షణ సాధనములు లేక మురుగున దింపుటను 2013 నాటి చట్టము నేరమనెను. 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు మృతుల కుటుంబములకు 30 లక్షల పరిహారము విధించెను. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో మనుష్యులచే మురుగు తీయించుటను నిషేధించెను. ఆజ్ఞలకు కొరతలేదు, అమలునకే కొరత. దిగువారిలో అధికులు తరతరములుగ దళితులే యగుటచే ఈ యుపేక్ష సాగుచున్నది. వారికి శాలువలు కప్పుట సులభము. గాలిగొట్టము కొనుట కష్టమా?

యంత్రముతో పని జరిగినట్టు రుజువు చూపని గుత్తేదారునకు బిల్లు చెల్లింపరాదు. మరణము సంభవించినచో కూలిమేస్త్రిని గాక, పని కప్పగించిన యధికారిని మొదట ప్రశ్నింపవలెను. పాఠకులారా, మీ వీథిలో మూత తీసినప్పుడు ముక్కు మూసికొని తొలగిపోకుడు. నిలిచి, "యంత్ర మేది?" యని యడుగుడు. సమాధానము రాకున్న ఎవ్వనిని దిగనీయకుడు.