పుట్టిన ఊరు ఏది?

రక్తమునకు సంబంధించిన కాన్సర్ అనగానే ‘విధి వ్రాత’ అని నిట్టూర్చుట మనకు పరిపాటి. పెద్దలు అట్లు అనుటలో కొంత ఓదార్పు ఉండవచ్చును. కాని విద్యార్థి అంతటితో ఆగరాదని నా అభిప్రాయము. ఈ వ్యాధులు అన్ని ప్రాంతములలోను ఒకే తీరున లేవు. ఎందుకు లేవు అను ప్రశ్నయే శాస్త్రమునకు ద్వారము.

ఉగాండాలో శస్త్రవైద్యులుగా పనిచేసిన డెనిస్ బర్కిట్, పిల్లల దవడలలో పెరుగు ఒక కంతిని గూర్చి 1958లో వ్యాసము ప్రకటించినారు. అది లింఫ్ కణముల కాన్సర్. అది ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసికొనుటకు 1961లో ఇద్దరు వైద్యమిత్రులతో మోటారు బండిలో దాదాపు 10,000 మైళ్ళు తిరిగినారు. వేడి, తేమ గల పల్లపు ప్రాంతములలో అది కనబడినది. చల్లని ఎత్తు ప్రదేశములలో కనబడలేదు. మలేరియా అధికముగా ఉన్న ప్రాంతములును అవియే. 1964లో ఆ కంతి కణములలోనే ఎప్‌స్టైన్-బార్ వైరస్ బయటపడినది.

1977లో జపానులో తకత్సుకి, ఆయన సహచరులు పెద్దవారికి వచ్చు ఒక టి-కణ ల్యుకేమియాను వర్ణించినారు. రోగులు చికిత్సకు వచ్చినది క్యోటోకు. వారిలో ఎక్కువమంది పుట్టినది నైరుతి దిక్కున గల క్యూషూ ద్వీపములో. ‘పుట్టిన ఊరు ఏది?’ అను చిన్న ప్రశ్నయే దారి చూపినది. దీనికి మూలము హెచ్.టి.ఎల్.వి.-1 అను వైరస్ అనియు, తల్లిపాల ద్వారా బిడ్డకు సోకుట ముఖ్యమార్గమనియు తరువాత తేలినది. 1986లో రక్తదాతలకు, 1987లో నాగసాకి ప్రాంతపు గర్భిణులకు పరీక్షలు మొదలైనవి. వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఈ కాన్సర్ రానే రాదు. కనుక ఆ లెక్క క్యూషూ ప్రజలను వేలెత్తి చూపుటకు కాదు, అచ్చటి పసివారిని కాపాడుటకే పనికివచ్చినది.

మరి మన మాట? భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ కాన్సర్ నమోదు కార్యక్రమమును ప్రారంభించినది. ముంబయి, బెంగుళూరు, చెన్నై నగరములతో మొదలైన ఆ లెక్క నేటికిని దేశ జనాభాలో కొద్ది భాగమునకే అందినది. నగరములో ఎక్కువ, పల్లెలో తక్కువ అని అంకెలు చెప్పినప్పుడు పల్లె క్షేమముగా ఉన్నదని పొంగిపోరాదు. రక్తపరీక్ష, మూలుగ పరీక్ష జరుగనిదే ల్యుకేమియా అని నిర్ణయించుటకు వీలులేదు. జ్వరము, రక్తహీనత అను పేర్లతోనే కన్నుమూసిన బిడ్డ ఏ పట్టికలోను చేరదు. లెక్కకు రాని వ్యాధి లేని వ్యాధి కాదు.

ఇందుకు ఒక కళాశాల చేయగలిగినదేమి అని అడుగవచ్చును. జీవశాస్త్ర విద్యార్థులకు గణాంకశాస్త్రములో కొన్ని పాఠములైనను చెప్పించవలసినదిగా కమిటీ వారిని కోరుచున్నాను. సోదర సోదరీమణులకు ఒక్క మనవి: ఇంటివారిని ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు, వైద్యులు అడిగినను అడుగకున్నను, రోగి పుట్టిన ఊరు, చేసిన వృత్తి తప్పక వ్రాయించండి. ఆ రెండు మాటలు రేపు ఎవరి బిడ్డను కాపాడునో మనకు తెలియదు.