సీఎస్ఈనా, శాసనాలా?

పోయిన ఆదివారం రాత్రి పదకొండున్నరకి చెల్లి వాట్సాప్ చేసింది. "అన్నా, వెబ్ ఆప్షన్లు ఎల్లుండి ఫ్రీజ్ చెయ్యాలె. సీఎస్ఈ పెట్టాల్నా, వద్దా?" వెనకే ఒక ఫొటో. రామప్ప గుడి దగ్గర శాసనం ముందు నిలబడి దిగిన సెల్ఫీ. సగం తన ముఖం, సగం రాయి.

మా చిన్నాన్న కూతురు. కరీంనగర్, ఎంపీసీ. ఎప్‌సెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. బాగానే అంటే, సీఎస్ఈ వస్తుంది కానీ ఫీజంతా రీయింబర్స్ అయ్యేంత కాదు. అదే పిల్ల ఇంట్లో చెప్పకుండా సీయూఈటీలో హిస్టరీ పేపర్ కూడా రాసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ అయ్యాక నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది కదా, దానికి అప్లై చేసి కూర్చుంది. విషయం తెలిసి చిన్నాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదట.

"నీకేది ఇష్టమో అది చెయ్" అని ఒక్క మెసేజ్ కొట్టి పడుకోవచ్చు. కానీ తనకి రెండూ ఇష్టమే. పైథాన్ సొంతంగా నేర్చుకుంది, కోడ్ రన్ అయితే ఎగిరి గంతేస్తుంది. ఇష్టం లేని సబ్జెక్ట్ ఏదో ఒకటుంటే అసలు ఈ గోలే లేదు.

నా సంగతి చెప్తాను. 2015లో నెట్ సెంటర్లో కూర్చుని 64 ఆప్షన్లు పెట్టాను. అన్నీ సీఎస్ఈ, ఈసీఈ. నాకు భాషంటే పిచ్చి. మాటలు ఎక్కడినుంచి వచ్చాయి, "వస్తాడు" కాస్తా "అస్తడు" ఎలా అయింది, ఇలాంటివి. (ఇంటర్లో మార్కుల కోసం తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్న బ్యాచే మాది, ఆ పాపం వేరే.) ఆ పిచ్చికీ చదువుకీ సంబంధం ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. మా కాలేజీకి బస్సులో గంట దూరంలో, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సూ భాషాశాస్త్రమూ కలిపి చదివే ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉందని ఫైనలియర్లో తెలిసింది. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినందుకు నాకు బాధ లేదు, జీతం బాగుంది. వెతక్కుండా వచ్చినందుకే ఇప్పటికీ మండుతుంది.

ఇంటర్ సెకండియర్ వాళ్లు ఇది చదువుతుంటే అక్కడ ఇంకో కాంబినేషన్ కూడా చూడండి. కంప్యూటింగ్‌తో పాటు హ్యూమన్ సైన్సెస్. దానికి యూజీఈఈ అని విడిగా పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దాకా ఆగితే అప్లై చేసే టైమ్ దాటిపోతుంది. మా చెల్లికి దాటిపోయింది.

సరే, ఆ రాత్రి నేను తనకి రెండు పనులు పెట్టాను. ఒకటి, చేరాలనుకుంటున్న బీటెక్ మొదటి సంవత్సరం సిలబస్ తీసి చదవమన్నాను. అందులో మ్యాథ్స్, ఫిజిక్సో కెమిస్ట్రీయో, సీ ప్రోగ్రామింగ్, గ్రాఫిక్స్ షీట్లు. యూట్యూబ్‌లో చూపించే ఏఐ అక్కడ కనపడదు. రెండోది, సింథియా టాల్బట్ అనే అమెరికన్ చరిత్రకారిణి కాకతీయుల కాలం మీద 2001లో వేసిన పుస్తకంలో ఒక అధ్యాయం చదవమన్నాను. హిస్టరీ అంటే రుద్రమదేవి కత్తి పట్టుకున్న బొమ్మ అనుకునేవాళ్లకి అది పెద్ద షాక్. ఆమె వందల శాసనాలు ముందేసుకుని ఎవరు దానమిచ్చారు, వాళ్ల పేరు చివర ఏ బిరుదుంది, ఏ ప్రాంతంలో, ఏ గుడికి అని లెక్కలు తీస్తుంది. రాజుల కథ కంటే పట్టికలే ఎక్కువ గుర్తుంటాయి.

మర్నాడు సాయంత్రానికి జవాబొచ్చింది. "సిలబస్ చూస్తే నిద్రొచ్చింది అన్నా, కానీ చదువుతా. ఆ పుస్తకం మస్తు కష్టం. ఒక్క పేజీకి అర్ధగంట పట్టింది. కానీ ఆమె చేసింది డేటా పనే కదా?"

అవును, డేటా పనే. కాకపోతే ఆ డేటా సంస్కృతంలో, పాత తెలుగులో, అరిగిపోయిన రాళ్ల మీద ఉంటుంది. ముందు చదవడం రావాలి. దానికి సంవత్సరాలు పడుతుంది, ఏ బూట్‌క్యాంప్‌లోనూ నేర్పరు.

ఇక చిన్నాన్న ఫోన్. "హిస్టరీ చదివితే ఏమొస్తది బిడ్డా?" కిరాణా షాపు మీద ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషికి ప్యాషన్ గురించి లెక్చర్ ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. బీటెక్ చేసినవాళ్లు తర్వాత ఎంఏ హిస్టరీకి వెళ్లొచ్చు. ఇంటర్లో మ్యాథ్స్ ఉంది కాబట్టి ఆర్ట్స్ డిగ్రీ చేసినా ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చెయ్యొచ్చు. ఒక రెగ్యులర్ డిగ్రీతో పాటు ఇంకోటి దూరవిద్యలో చదువుకోవచ్చని 2022లో యూజీసీయే చెప్పింది. ఎటు వెళ్లినా రెండోదానికి దారి ఉంది. కానీ రెండు దార్లూ సమానం కాదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిది హిస్టరీలో ఉండదు, నాలుగైదేళ్లు ఎక్కువ ఓపిక పట్టాలి. అటువైపు ప్రైవేట్ కాలేజీలో రీయింబర్స్‌మెంట్ పోను మిగతా ఫీజు ఆయనే కట్టాలి. సెంట్రల్ యూనివర్సిటీ ఫీజు దాంట్లో చిన్న ముక్క. ఈ చివరి మాట దగ్గర చిన్నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక్కటి మాత్రం ఇద్దరికీ గట్టిగా చెప్పాను. ముందు ఏదో ఒక కాలేజీలో చేరిపోయి తర్వాత మారదాం అనుకోవద్దు. నా రూమ్మేట్ ఒకడు అలాగే చేరాడు. మానేస్తానంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి నాలుగేళ్ల ఫీజు కట్టమంది కాలేజీ. మూడు నెలలు తిరిగి, విసిగిపోయి, అక్కడే మెకానికల్ పూర్తి చేశాడు.

మంగళవారం రాత్రి చెల్లి ఆప్షన్లు ఫ్రీజ్ చేసింది. సీటొస్తే నిజంగా చేరతాననుకున్నవే పెట్టింది, పంతొమ్మిది. వాటిలో ఒక్కటొచ్చినా, సెంట్రల్ యూనివర్సిటీ లిస్ట్‌లో పేరున్నా, ఏది తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. నన్నడిగితే హిస్టరీ అంటాను. ఆ మాట తనకి చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. అర్ధగంటకి ఒక్క పేజీ చదివి మళ్లీ రెండో పేజీ తిప్పిన పిల్ల అది.

నిన్న చిన్నాన్న టవర్ సర్కిల్ దగ్గర బకెట్, మగ్గు, పరుపు కొన్నాడట. ఏ హాస్టల్‌కో ఇంకా తెలీదు.