మాసినా కనపడదట!

“ఇల్లు చూసి ఇల్లాలిని చూడు” అని ఓ సామెత మన చెవిన వేసి, జన్మకి సరిపడా చాకిరీ అప్పజెప్పారు పెద్దలు. సరే, చూడండి బాబూ, కాదనం. కానీ ఇల్లు చూడ్డమంటే ఏం చూస్తున్నారు? గుమ్మం దాటి, ముందుగదిలో సోఫాలో కూచుని, ఎదురుగోడని మెచ్చుకుని, కాఫీ తాగి లేచిపోతున్నారు. ఆ కాఫీ కలిపిన ఇల్లాలు గోడకి అవతల ఉంది. ఆవిడ కళ్ళెదుట ఉన్న గోడ ఏ రంగో ఎవరైనా తొంగి చూశారా?

నేను చూశాను. అందుకే ఈ గోల.

మా తమ్ముడి కూతురు కిందటి నెలలో కొత్తింట్లో పాలు పొంగించింది. సొంత ఇల్లు, మొదటి ఇల్లు, అప్పు చేసి కొన్న ఇల్లు. హైదరాబాదు శివార్లలో మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు. వంటిల్లు ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. దానికి ఒకే ఒక్క కిటికీ, అదీ పక్క అపార్టుమెంటు గోడకేసి చూస్తూ ఉంటుంది.

హాల్లో అడుగుపెట్టేసరికి కళ్ళు చెదిరాయి. మూడు గోడలకి మీగడ రంగు. టీవీ ఉన్న నాలుగో గోడకి నెమలికంఠం రంగు, పైగా వేలితో తడిమితే గరుకు గరుగ్గా తగిలే పూత. పైన ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో దాక్కున్న దీపాలు. “బావుందమ్మా” అన్నాను. మొహమాటానికి కాదు, నిజంగానే బావుంది.

తరవాత మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. పగలు పదకొండు గంటలకి అక్కడ లైటు వెలుగుతోంది. గోడలు ముదురు కాఫీ రంగు. అలమార్ల తలుపులూ అంతే. గట్టు నల్లరాయి.

“ఇదేం రంగే?” అన్నాను.

“మాసినా కనపడదని వేయించాం అత్తా.”

“ఎవరు చెప్పారు?”

“మేస్త్రీ చెప్పాడు. ఈయన కూడా అదే మంచిదన్నారు. అయినా వంటిల్లే కదా!”

వంటిల్లే కదా! ఈ రెండు మాటల మీదే నాకు పేచీ.

అల్లుడు మర్యాదస్తుడు. “నలుగురూ వచ్చి కూచునేది హాల్లోనే కదండీ పెద్దమ్మగారూ” అన్నాడు. ఆ నలుగురూ నెలకి ఎన్నిసార్లు వస్తారు నాయనా అని అడిగితే, వేళ్ళు లెక్కపెట్టి “రెండు మూడుసార్లు” అన్నాడు. అమ్మాయి ఉద్యోగం చేస్తున్నా సరే, పొద్దున్న రెండు గంటలు, రాత్రి రెండు గంటలు ఆ వంటింట్లో నిలబడుతుంది. సెలవు రోజైతే ఇంకా ఎక్కువ. అంటే నెలకి నూట ఇరవై గంటల పైమాట. వచ్చే చుట్టాల కళ్ళకి గరుకు పూతా, రోజూ ఉండే మనిషి కళ్ళకి కాఫీ రంగూనా? పైన పటారం, లోన లొటారం అంటే ఇదే!

తప్పు ఆ అబ్బాయిది కాదు లెండి. మనమే తరతరాలుగా ఆ లెక్కకి తలూపుతున్నాం. రంగు డబ్బులు ఎప్పుడూ వీధి గుమ్మం దగ్గర మొదలవుతాయి. హాలు, పడగ్గది, పిల్లల గది దాటి వంటిల్లు చేరేసరికి మిగిలేది డబ్బా అడుగున ఉన్న రంగూ, మేస్త్రీ సలహానూ.

ఇంతకీ మాసినా కనపడకపోతే ఒరిగేదేమిటి? తాళింపు వేసినప్పుడు లేచే నూనె ఆవిరి గోడ మీద పేరుకుంటుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. గోడ తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా అది పేరుకోక మానదు. తెల్లగోడ ఆ సంగతి వారంలో చెబుతుంది. కాఫీ గోడ ఏడాది దాకా నోరు మెదపదు. ఈలోగా బొద్దింకలు ముందు కనిపెడతాయి. కనపడని మాపు పోయిన మాపు కాదమ్మా.

ఇక వెలుగు సంగతి. మంచి తెలుపు తన మీద పడిన వెలుగులో నూటికి ఎనభై పాళ్ళదాకా తిరిగి గదిలోకి పంపిస్తుంది. ముదురు కాఫీ రంగు ఏ పదో పదిహేనో పాళ్ళు విదిల్చి తక్కింది మింగేస్తుంది. ఒక్క కిటికీ ఉన్న గదిలో ఆ వచ్చే నాలుగు కిరణాలూ గోడలే మింగేస్తే మనకేం మిగులుతుంది? బియ్యంలో రాయి ఎవరు చూడాలి? వంకాయలో పురుగు, పప్పులో తుట్టె, పోపులో ఆవాలు చిటపటలాడాయా మాడాయా, ఇవన్నీ కంటితో చేసే పనులు. పైగా నలభై దాటితే అదే పనికి కంటికి మునుపటికన్నా ఎక్కువ వెలుగు కావాలి. హాల్లో నెమలికంఠం కాకపోతే నల్లరంగే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అక్కడ ఎవరూ బియ్యం ఏరరు.

పాతకాలం వంటిళ్ళు ఏం వెలిగిపోయాయని అంటారేమో. నిజమే, కట్టెపొయ్యి పొగకి గోడలు నల్లబడి, మన అమ్మమ్మల కళ్ళు పుసులు కట్టిన మాట ఎవరు మరిచిపోతారు? కానీ ఏటా పండక్కి ఆ గోడలకి సున్నం పడేది. తెలుపు దేదీప్యమానంగా ఉండాలని అందులో చిటికెడు నీలిమందు కలిపేవారు. సున్నం ఘాటుకి బూజు తొందరగా పట్టదు. ఏడాదికోసారి కొత్త తెలుపు, కొత్త వెలుగు. ఆ నల్లదనం పొయ్యి చేసిన పాపం. ఇవాళ గ్యాసు వచ్చింది, పొగ పోయింది, మనం మాత్రం డబ్బులిచ్చి మరీ ఆ నలుపుని కొనుక్కుంటున్నాం!

1926 ప్రాంతంలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో చిన్న కుటుంబాలకి వేలాది ఇళ్ళు కడుతూ, వంటిల్లు గీసే పని మార్గరేటె ష్యూట్-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టుకి అప్పజెప్పారు. ఆవిడ గీసిన వంటిల్లు రెండు మీటర్ల వెడల్పు కూడా లేదు, పొడుగు సుమారు మూడున్నర మీటర్లు. మన ఫ్లాటు వంటిల్లు లాంటిదే అన్నమాట. పొయ్యి దగ్గర్నించి తొట్టి దాకా ఎన్ని అడుగులు నడవాలో లెక్కగట్టి అమర్చింది. అలమార్లకి నీలం రంగు వేయించింది. ఆ రంగు మీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మేవారు. ఆ నమ్మకం మాట ఎలా ఉన్నా, ఆ రంగు ఎంచినప్పుడు ఆవిడ తలుచుకున్నది వంటగదిలో నిలబడే మనిషిని. వీధిలోంచి వచ్చే చుట్టాన్ని కాదు. నాకు నచ్చింది అదీ!

మన దగ్గరేమో ఇల్లు పెద్దదిగా కనపడాలన్న యావ ఒకటి పట్టుకుంది. “ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం” అన్న మహానుభావుడెవరో గానీ, ఆ ఇరకటంలో వంట చేసింది ఆయన కాదని మాత్రం తెలుస్తూనే ఉంది. పది అడుగుల గది ఏ రంగు పూసినా పది అడుగులే. చిన్నిల్లు పెద్దింటి వేషం వెయ్యక్కర్లేదు. ఉన్నవాళ్ళ కంటికి హాయిగా ఉంటే చాలు.

అంచేత కొత్త కాపురం పెట్టే అమ్మాయిలకి నేను చెప్పొచ్చేదేమిటంటే, లెక్క తిరగెయ్యండి. రంగు డబ్బులు వంటింట్లో మొదలుపెట్టండి. లేత పసుపో, మీగడ తెలుపో, లేత ఆకుపచ్చో, ఏదైనా సరే, లేతగా, తడిగుడ్డతో తుడిస్తే పోయేదిగా తీసుకోండి. షేడ్ కార్డు మీద వేలెడు ముక్క చూసి మోసపోకండి. నాలుగు గోడలకీ పడ్డాక ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి అది ఇంకా చిక్కబడుతుంది. అందుకని గోడ మీద రెండడుగుల మేర పూయించి, పొద్దున్నా మధ్యాహ్నమూ రాత్రి లైటు వేశాకా చూడండి. 3,000 కెల్విన్ అని రాసున్న పసుపు వెలుగు బల్బు కింద కనపడిన రంగు, 6,500 అని రాసున్న తెల్ల బల్బు కింద కనపడదు. వాస్తు పుస్తకం దిక్కుని చూస్తుంది గానీ కిటికీని చూడదు. కిటికీని మీరే చూసుకోవాలి.

అద్దె వాటా అంటారా? ఇంటివారిని అడిగి ఆ ఒక్క గదికీ మీరే వేయించుకోండి. ఏడూ ఎనిమిదీ వంటింట్లో తలుపూ, కిటికీ, అలమార్లూ, టైల్సూ పోగా మిగిలే గోడకి రెండు పూతలకీ కలిపి రెండు లీటర్లు చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. పాత ఇళ్ళ తలుపులకీ కిటికీలకీ వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళలో వాడే రంగుల్లో అది పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నించే అమల్లోకి వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళూ పసిపిల్లలూ ఉన్నచోట ఆ పాత పూతని గరుకు కాగితంతో గీకించకండి. ఆ దుమ్ము మంచిది కాదు.

మా మేనకోడలు పోరిపోరి, పోయిన ఆదివారం వంటింటికి లేత పసుపు వేయించుకుంది. పగలు లైటు ఆర్పేశానని సంబరంగా ఫోన్ చేసింది. నాలుగో రోజు మళ్ళీ ఫోను. “అత్తా, నువ్వన్నది బానే ఉంది గానీ, పొయ్యి వెనకాల గోడ మీద అప్పుడే నూనె మరకలు కనపడుతున్నాయి. ఈయన కూడా చూశారు.”

“చూశాడా! ఏమన్నాడు?”

“ఏమంటారు, గుడ్డ తీసుకుని తుడిచారు.”

మాసినా కనపడని రంగు ఇన్నాళ్ళూ దాచింది మాపుని కాదు, మన చాకిరీని. కనపడనివ్వండమ్మా! కనపడితేనే కదా, ఇంట్లో రెండో మనిషికి గుడ్డ ఎక్కడుంటుందో తెలిసేది!