చేతక్ పోతే ఏది వస్తుంది? దివిసీమ అడగాల్సిన ప్రశ్న

పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రాత్రి దివిసీమ మీదికి ఏ హెలికాప్టరూ రాదు. గాలి తగ్గాకే వస్తుంది. ఆ వచ్చేది అరవై ఏళ్ల కిందటి నమూనా కావచ్చు. ఆరుగురికి మించి ఎక్కించుకోలేనిది కావచ్చు. ఒక్కోసారి అసలు రాకపోనూవచ్చు. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను, బందరు మండలాల్లో సముద్రం పక్కన బతికే ప్రతి కుటుంబమూ తుపాను రోజులు రాకముందే తెలుసుకోవలసిన సంగతి ఇది. మన ప్రజాప్రతినిధులకైతే ఇంకా ముందే తెలిసి ఉండాల్సింది.

కొంతకాలంగా బందరు కోనేరు సెంటర్లోనూ గుడివాడ నెహ్రూ చౌక్‌లోనూ టీ గ్లాసుల మధ్య యుద్ధ విమానాల చర్చ జోరుగా నడుస్తోంది. 1963లో వైమానిక దళంలో చేరిన మిగ్-21ని 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సాగనంపారు. దాంతో 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట 29 మిగిలాయి. రఫేల్ ఇంకా కొనాలా, తేజస్ కోసం ఆగాలా, రష్యా ఇస్తానంటున్నది పుచ్చుకోవాలా అని ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. చెప్పనివ్వండి, తప్పేం లేదు. దేశ రక్షణ గురించి టీ కొట్టు దగ్గర మాట్లాడుకోవడం మంచిదే. కానీ మన ఇంటి కప్పు మీదికి వచ్చేది రఫేల్ కాదు. వరదలో, ఉప్పెనలో మన నెత్తి మీదికి వచ్చేది చేతక్, ధ్రువ్, ఎంఐ-17 హెలికాప్టర్లే. వాటి గురించి ఒక్కరూ నోరు మెదపరు.

చేతక్ ఫ్రాన్స్‌వాళ్ల అలూయెట్-3. 1962లో ఒప్పందం చేసుకుని బెంగళూరు హెచ్ఏఎల్‌లో మనమే తయారు చేసుకున్నాం. దాని అరవై ఏళ్ల సేవకు గుర్తుగా 2022 ఏప్రిల్ 2న హైదరాబాద్ హకీంపేట వైమానిక స్థావరంలో రక్షణ మంత్రి సమక్షంలో వేడుక కూడా చేశారు. వైమానిక దళ హెలికాప్టర్ పైలట్లు ఓనమాలు దిద్దుకునేది అక్కడే. అరవై ఏళ్లు కొలువు చేసిన యంత్రానికి సన్మానం చేయవలసిందే. అయితే సన్మానం అయ్యాక పదవీ విరమణ ఉండాలి కదా! ఇక్కడ అది లేదు. మర్నాటి నుంచి మళ్లీ డ్యూటీయే.

దాని సత్తా ఎంతో లెక్క వేసుకుందాం. ఇంజన్ ఒక్కటే. పైలట్లు కాక ఆరుగురు, లేదా అర టన్ను సరుకు. ఒక్క విడతలో పోగలిగేది సుమారు 500 కిలోమీటర్లు. విశాఖలో నావికాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి దివిసీమ ఇంచుమించు 300 కిలోమీటర్లు. హకీంపేట నుంచైనా దాదాపు అంతే. అంటే చేతక్ ఇక్కడికి వచ్చి, నాలుగు ఊళ్లు తిరిగి, మళ్లీ ఇల్లు చేరాలంటే దారిలో ఎక్కడో ఇంధనం పోసుకోక తప్పదు. గన్నవరం రన్‌వే నీట మునిగిందంటే ఆ లెక్క అక్కడికే తప్పుతుంది. రెండు ఇంజన్లుండి, నాలుగు టన్నుల వరకూ మోసే ఎంఐ-17 వస్తే సగం బెంగ తీరుతుంది. కానీ ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ లాంటి చోట్ల అంత పెద్ద యంత్రం దిగడానికి చదునైన గట్టి నేల దొరకాలి. పంటు ఆగిపోయిన రోజున ఆ దీవుల్లో పురిటి నొప్పులు మొదలైన మనిషికి కావలసింది చిన్న చోట దిగగలిగే చిన్న హెలికాప్టరే. చేతక్‌ను అంత తేలిగ్గా తీసిపారేయలేకపోవడానికి అసలు కారణం ఇదే. చిన్న యుద్ధనౌకల మీద దిగేదీ అదే, కొండల్లో కూలిన మనిషిని తెచ్చేదీ దాని తమ్ముడు చీతానే.

ఉంచాలనేవాళ్ల వాదనలో పస లేకపోలేదు. విడిభాగాలు మనవే. మెకానిక్కులకు దాని నాడి తెలుసు. ఖర్చు తక్కువ. వద్దనేవాళ్ల వాదన రక్తంతో రాసింది. 2023 మార్చి 16న అరుణాచల్‌లోని మండలా దగ్గర ఆర్మీ చీతా కూలి ఇద్దరు అధికారులు చనిపోయారు. వారిలో ఒకరు యాదాద్రి భువనగిరి జిల్లా బిడ్డ. అదే ఏడాది నవంబరు 4న కొచ్చిలో నావికాదళ చేతక్ ప్రమాదం నేలమీద ఉన్న ఒక నావికుణ్ని పొట్టనపెట్టుకుంది. దశాబ్దం కిందటే పైలట్ల భార్యలు ఒక బృందంగా కూడి, వీటిని ఆపేయమని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ దగ్గర మొరపెట్టుకున్నారు. భర్త తొడుక్కునే యూనిఫాం గురించి నోరు విప్పడం ఆ ఇళ్లలో ఎంత కష్టమో ఊహించండి.

మరి కొత్తవి ఎందుకు రాలేదు? ఈ చరిత్ర చదివితే ఒళ్లు మండుతుంది. 197 తేలికపాటి హెలికాప్టర్ల కోసం పిలిచిన టెండరు 2007లో రద్దయింది. మళ్లీ పిలిచారు, 2014 ఆగస్టులో మళ్లీ రద్దు. 2015లో రష్యాతో 200 కమోవ్-226 యంత్రాలకు ఒప్పందం అన్నారు, అది ముందుకు కదల్లేదు. హెచ్ఏఎల్ సొంతంగా రూపొందించిన తేలికపాటి హెలికాప్టర్ ఎల్‌యూహెచ్ 2016 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది. దాన్ని తయారుచేసే కర్మాగారాన్ని 2023 ఫిబ్రవరిలో తుమకూరులో ప్రారంభించారు. నావికాదళానికి 111 హెలికాప్టర్లు, 21,000 కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చు అని 2018 ఆగస్టులో ఆమోదం వేశారు. ఆ తర్వాత సంఖ్య తగ్గించే మాటలు వినిపించాయి గానీ హెలికాప్టర్లు మాత్రం కనిపించలేదు. చివరికి 2025 ఆగస్టులో, ఆర్మీకి 120, వైమానిక దళానికి 80 కావాలి, ఎవరి దగ్గర ఏముందో చెప్పండి అంటూ తయారీదారులను మళ్లీ మొదటి నుంచి అడిగారు. రెండు దశాబ్దాల్లో ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, యంత్రం మారలేదు.

కొత్తది రాకుండా పాతది ఆపితే ఏమవుతుందో మన నేల మీదే చూశాం. 2009 జులై ఆఖరున మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం కూలి ఇద్దరు చనిపోయారు. ఆ వెంటనే ఆ రకం విమానాలన్నిటినీ ఆపేశారు. ఆపడం సరైన పనే. కానీ వాటి స్థానంలో పిలాటస్ పీసీ-7 వచ్చింది 2013లో. మధ్య కాలంలో దుండిగల్ వైమానిక దళ అకాడమీ కుర్రాళ్లకు తొలి పాఠాలు కూడా కిరణ్ జెట్ల మీదే చెప్పారు. సైకిలు రాకముందే మోటారు బండి ఇచ్చినట్టు. పోనీ కొత్తది వచ్చాక ప్రమాదాలు పోయాయా అంటే, 2023 డిసెంబరు 4న అదే పిలాటస్ తూప్రాన్ దగ్గర కూలి మరో ఇద్దర్ని తీసుకుపోయింది. కొత్త అన్న మాట చూసి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికి లేదు.

సరిగ్గా చేసిన పని కూడా మన రాష్ట్రంలోనే ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలబెట్టిన టీయూ-142 విమానాన్ని పిల్లలకు చూపించే ఉంటారు. సముద్రం మీద నిఘా కోసం 1988లో వచ్చిన ఆ రష్యా విమానం 2017 మార్చి 29న అరక్కోణంలో విరమించింది. దాని పని అందుకునే పీ-8ఐలు 2013లోనే అదే స్థావరానికి వచ్చాయి. నాలుగేళ్లు రెండూ పక్కపక్కనే పనిచేశాయి. కొత్తదాని లోపాలు బయటపడి సర్దుకున్నాకే పాతదాన్ని మ్యూజియానికి పంపారు. హెలికాప్టర్ల విషయంలో ఈ క్రమం ఎందుకు కుదరదో ఢిల్లీ చెప్పాలి.

అసలు ప్రమాదం ధ్రువ్ దగ్గర ఉంది. చేతక్‌కు మారుగా చాలాచోట్ల దింపింది దీన్నే. రెండు ఇంజన్లు, ఎక్కువ బరువు, సముద్ర గస్తీకి పనికొచ్చే పరికరాలు. మంచి యంత్రమే. 2024 సెప్టెంబరు 2న రాత్రి, ఒక ట్యాంకర్ నౌకలోని రోగిని కాపాడటానికి వెళ్లిన కోస్ట్ గార్డ్ ధ్రువ్ పోర్‌బందర్ తీరంలో సముద్రంలో పడింది. ముగ్గురు పోయారు. 2025 జనవరి 5న అదే పోర్‌బందర్‌లో ఇంకొకటి కూలి మరో ముగ్గురు. దర్యాప్తులో వేలు రెక్కల కోణం తిప్పే స్వాష్‌ప్లేట్ వైపు చూపింది. మూడు దళాల్లోనూ కోస్ట్ గార్డ్‌లోనూ కలిపి దాదాపు 330 ధ్రువ్‌లను నేల మీదే ఉంచేశారు. ఆర్మీ, వైమానిక దళం వాటికి మే నెలలో అనుమతి దొరికింది. సముద్రం మీద తిరిగేవి అంతకంటే చాలాకాలం రెక్కలు ముడుచుకునే ఉన్నాయి. ఆ నెలల్లో బంగాళాఖాతం ఒక్కసారి లేచి ఉంటే, తూర్పు తీరంలో చిన్న చోట్లకు దిక్కు మళ్లీ ఆ అరవై ఏళ్ల చేతకే. కృష్ణా డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయకట్టు మొత్తం ఒకే వంగడం నాటితే సుడిదోమ వచ్చిన ఏడు గింజ మిగలదు.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చిన ఉప్పెనలో అధికారిక లెక్కే పదివేలు దాటింది. అప్పుడు దెబ్బతిన్న సొర్లగొంది ఊరి పేరెత్తితే ఇప్పటికీ ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు మాట మారుస్తారు. ఆ తర్వాత షెల్టర్లు వచ్చాయి, కరకట్టలు వచ్చాయి, బందరులో తుపాను రాడార్ వచ్చింది. 2004లో ఆ పాత రాడార్ స్థానంలో డాప్లర్‌నూ పెట్టారు. ఇప్పుడు గాలివాన ఎక్కడుందో గంట గంటకూ తెలుస్తోంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మనకు కూతవేటు దూరంలో నరసాపురం దగ్గర తీరం దాటినా, ముందే జనాన్ని తరలించబట్టి పెద్ద ప్రాణనష్టం లేకుండా గట్టెక్కాం. హెచ్చరికలో ఇంత ముందుకు వెళ్లాం. చిక్కుకుపోయిన మనిషిని తీసుకురావడం దగ్గర మాత్రం ఇంకా పాత యంత్రం మీదే ఆధారపడి ఉన్నాం.

2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తుందా? బుడమేరు విజయవాడను ముంచింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు మన లంకల మీదికి దూకాయి. సింగ్‌నగర్ మేడల మీదికి ఆహార పొట్లాలు జారవిడిచింది నావికాదళ, వైమానిక దళ హెలికాప్టర్లే. అప్పుడే డ్రోన్లతోనూ పొట్లాలు పంపారు. మంచి ప్రయత్నం, ఇంకా పెంచాలి. కానీ డ్రోన్ పులిహోర తెస్తుంది, పక్షవాతం వచ్చిన ముసలాయనను తీసుకుపోలేదు.

కాబట్టి బందరు ఎంపీ గారినీ జిల్లా ఎమ్మెల్యేలనూ నేరుగా అడుగుతున్నాం. డేగాలో ఈ ఏడాది ఎగరగలిగే స్థితిలో ఉన్న రక్షణ హెలికాప్టర్లు ఎన్ని, అందులో చేతక్‌లు ఎన్ని, వాటి బదులు వచ్చేవి ఏ తేదీకి వస్తాయి? పార్లమెంటులో ప్రశ్న వేయడానికి ఒక కాగితం చాలు. సైనిక రహస్యం అని తప్పించుకుంటే, తీరప్రాంత సహాయానికి కేటాయించినవెన్నో చెప్పమనండి, అదేమీ రహస్యం కాదు. నాగాయలంక మండలం గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు, దాదాపు 1,500 కోట్ల పని. పామర్రు పక్కన నిమ్మలూరులో బీఈఎల్ 360 కోట్లతో రాత్రి చూపు పరికరాల కర్మాగారం పెట్టింది. దేశ రక్షణకు ఇంత నేలనూ ఇంత చేతినైపుణ్యాన్నీ ఇస్తున్న జిల్లా, గుల్లలమోదలోనే ఒక హెలికాప్టర్ దిగే చోటు, ఇంధన నిల్వ, తుపాను రోజుల్లో అక్కడే కాచుకుని ఉండే ఒక్క యంత్రం అడిగితే అది గొంతెమ్మ కోరికేమీ కాదు. పునాదులు తవ్వుతున్న ఇప్పుడే అడగాలి. ప్రహరీ కట్టాక అడిగితే గేటు దగ్గరే ఆపేస్తారు.

కలెక్టర్ కార్యాలయం ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. హెలికాప్టర్ దిగే స్థలాల పాత జాబితాను పట్టుకుని ఎవరైనా ఊరూరా తిరిగి చూడాలి. ఒకప్పుడు చదునుగా ఉన్న పొలం ఇప్పుడు రొయ్యల చెరువు. బడి మైదానం అంచున ఏరేటర్లకు లాగిన కరెంటు తీగలు వచ్చి చేరాయి. గుడివాడ, ముదినేపల్లి వైపు చేపల చెరువుల గట్లు తప్ప పొడి నేల కనిపించని ఊళ్లున్నాయి. పైనుంచి చూసే పైలట్‌కు తీగ కనిపించదు. కనిపించేసరికి ఆలస్యం అయిపోతుంది. మిగిలి ఉన్న కాలేజీ మైదానాలు, షెల్టర్ డాబాలు, కరకట్ట మీది వెడల్పు చోట్లు గుర్తించి, తీగలు మళ్లించి, సున్నంతో గుర్తు వేసి ఉంచాలి.

ఇక ఊళ్లలోని వాళ్లకు. హెలికాప్టర్ వస్తుందన్న ధీమాతో ఇంట్లో కూర్చోవద్దు. అధికారులు షెల్టర్‌కు పొమ్మన్నప్పుడే పొండి. పశువులు, పడవలు, వలలు వదలబుద్ధి కాదు, నిజమే. కానీ గాలి ఎక్కువయ్యాక మిమ్మల్ని తేవడానికి ఎవరూ రాలేరు. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బల్లో నెలలు నిండిన గర్భిణులు, డయాలిసిస్ రోగులు, మంచం దిగలేని వృద్ధుల పేర్లు ఆశా కార్యకర్తల దగ్గర ఒకచోట రాసి ఉండాలి. వాయుగుండం అన్న మాట రేడియోలో వినగానే, పంటు ఇంకా నడుస్తుండగానే, వాళ్లను అవనిగడ్డ ఆసుపత్రికి చేర్చాలి. ఆ జాబితా ఇంకా లేని ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ఈ వారమే దాన్ని మొదలుపెట్టాలి.