బాల్కనీ టిక్కెట్టు: బోర్న్ మూడో సినిమా, మనవాళ్ళ అభిప్రాయాలు

ఈ మధ్య మన సంఘం హాల్లో కుర్రవాళ్ళ మాటే చెల్లుతోందని మీలో కొందరు గొణుగుతున్నారు. నిజమే. నెలకో ఆదివారం సాయంత్రం వేసుకునే సినిమా కాస్తా మూడు నెలలపాటు వరసగా ఇంగ్లీషు సినిమా అయిపోయింది. జేసన్ బోర్న్ అనే గూఢచారి కథ, మూడు భాగాలు. మొదటిది 2002లో, రెండోది 2004లో, మూడోది ‘ది బోర్న్ అల్టిమేటం’ 2007లో వచ్చాయి. మూడోది చూశాక హాల్లో కాఫీలు చల్లారిపోయేదాకా వాదన జరిగింది. అది రాసి పెట్టమని సంపాదకులవారి ఆజ్ఞ.

గూఢచారి అనగానే మా ఇంట్లో పెద్దలకి గుర్తొచ్చేది 1966 నాటి ‘గూఢచారి 116’, కృష్ణగారు. ఆ గూఢచారికి తనెవరో తెలుసు, శత్రువెవరో తెలుసు. ఈ బోర్న్‌కి రెండూ తెలియవు. మొదటి సినిమాలో ఒంట్లో తూటాలతో సముద్రంలో తేలుతూ చేపలవాళ్ళకి దొరుకుతాడు. గతం ఏమీ జ్ఞాపకం లేదు. తుంటి దగ్గర చర్మం కింద దాచిన స్విట్జర్లాండు బ్యాంకు ఖాతా నంబరొక్కటే ఆధారం. జ్యూరిచ్ వెళ్ళి లాకరు పెట్టె తెరిస్తే ఒకే ఫొటోతో రకరకాల పేర్ల పాస్‌పోర్టులు, డబ్బు, తుపాకి! తన పేరే తనకి తెలియనివాడికి లాకరు పెట్టె అప్పగించిన ఆ బ్యాంకువారిని చూసి నేను తల పట్టుకున్నాను. మా శాఖలో అయితే నామినీ కాగితం దగ్గరే ఆగిపోయేవాడు.

ఇక మూడో సినిమా. అభిప్రాయాల్లో మొదటిది ఫిర్యాదు. రిటైరైన లెక్కల మాస్టారు అరగంటకే లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. “కెమెరా పట్టుకున్నవాడికి చలిజ్వరమా? తల తిరుగుతోంది నాయనా” అన్నారు. ఈ ఫిర్యాదు ఆయనొక్కరిదే కాదు. సినిమా విడుదలైనప్పుడు అమెరికాలోనూ ఇదే గొడవ. డేవిడ్ బోర్డ్‌వెల్ అనే సినిమా పండితుడు లెక్కగట్టి, ఇందులో ఒక్కో షాటు సగటున 2 సెకన్లేనని తేల్చాడు. చూపు నిలిచేలోపు బొమ్మ మారిపోతుంది. అయితే అదే కూర్పుకి క్రిస్టఫర్ రౌజ్‌కి ఆస్కారు వచ్చింది. శబ్దానికి సంబంధించి మరో రెండు. మూడింటికి పోటీ పడి మూడూ పట్టుకొచ్చిన సినిమా ఇది.

దర్శకుడు పాల్ గ్రీన్‌గ్రాస్ పక్షాన కుర్రవాళ్ళు గట్టిగానే వాదించారు. లండన్ వాటర్లూ స్టేషను ఘట్టం చూడండి అన్నారు. ఆ ఘట్టంలో నేనూ వాళ్ళ పక్షమే. పత్రికా విలేఖరి ఒకడికి రహస్యం తెలిసింది. స్టేషను నిండా కెమెరాలు, చంపడానికి మనుషులు. బోర్న్ ఒక చవక సెల్‌ఫోను కొని అతని జేబులో వేసి, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వంగి బూటు లేసు కట్టుకోవాలో చెబుతూ ఉంటాడు. చెప్పినంతసేపూ విన్న విలేఖరి చివరికి భయపడి, మాట వినకుండా పరుగెత్తాడు, తూటా తగిలింది. ఆ రద్దీలో మనమూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డట్టు ఉంటుంది. అక్కడ కెమెరా కుదురుగా ఉంటే ఆ కంగారు రాదు.

టాంజియర్ ఊళ్ళో మేడల మీద పరుగు గురించి మాత్రం ఆడవాళ్ళకి వేరే అభిప్రాయం. పోలీసులు తరుముతుంటే బోర్న్ ఒక డాబా మీద ఆరేసిన బట్టలు లాక్కుని, చేతులకి చుట్టుకుని, గాజు పెంకులు గుచ్చిన గోడ ఎక్కేస్తాడు. “ఉతికి ఆరేసినావిడ గతేమిటి?” అని మా ఆవిడ అంటే హాలంతా నవ్వు. ఆ తర్వాత ఇరుకు గదిలో కొట్లాట. అక్కడ సంగీతం ఆపేశారు, ఊపిర్లు, దెబ్బలు తప్ప మరేమీ వినపడవు. బోర్న్ ఒక లావుపాటి పుస్తకాన్నే ఆయుధం చేసుకున్నాడు. పుస్తకం ఉపయోగం ఇన్నాళ్ళకి తెలిసిందని మాస్టారు వరండాలోంచే కేకేశారు.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. రాబర్ట్ లడ్లం నవల ‘అల్టిమేటం’ 1990లో వచ్చింది. సినిమా దాని పేరే తీసుకుంది, కథ తీసుకోలేదు. మూడో సినిమాతో ముగిసిందన్నారుగానీ, 2012లో బోర్న్ లేకుండా ఒకటి, 2016లో మళ్ళీ మాట్ డామన్‌తో ఒకటి తీశారు. ఆ రెండింటి ఊసు మాకు అక్కరలేదని కుర్రవాళ్ళే తీర్మానించారు.

అసలు వాదన ఆఖరి ఘట్టం మీద. న్యూయార్కులో తనకి శిక్షణ ఇచ్చిన చోటికి బోర్న్ వస్తాడు. తనని ఇలా మార్చిన డాక్టరు ఎదురవుతాడు. ఆ ముసలాయనగా ఆల్బర్ట్ ఫిన్నీ వేశాడు. మూడు సినిమాలుగా మనమంతా అనుకున్నదేమిటి? ఎవరో పెద్దలు ఈ అమాయకుణ్ణి పట్టి హంతకుణ్ణి చేశారని. తీరా గుర్తొచ్చింది మరొకటి. అతని అసలు పేరు డేవిడ్ వెబ్. సైన్యంలో కెప్టెను. తనంతట తానే వచ్చాడు. నిద్ర లేకుండా చేశారు, తల నీళ్ళలో ముంచారు, అదంతా నిజం. కానీ ముసుగు వేసి కుర్చీలో కూర్చోబెట్టిన ఎవరో మనిషిని, ఎవరని అడిగి సమాధానం రాకుండానే, కాల్చింది అతని వేలే.

“పాపం, వాణ్ణి హింసించి చేయించారు. వాడి తప్పేముంది?” అన్నారు ఒక పెద్దావిడ. మందుల షాపు ఆయన ఒప్పుకోలేదు. “ఎవడూ ఇంటికొచ్చి పిలవలేదమ్మా, తనే వెళ్ళాడు” అన్నాడు. హాలు రెండు ముక్కలైంది. మీ అభిప్రాయమేమిటని నన్నడిగారు. అక్కడ ఏదో నవ్వి తప్పించుకున్నాను. ఇక్కడ రాస్తాను.

నేను ఆఫీసరై రెండేళ్ళు కాని రోజులు. ఒక పార్టీకి గోడౌనులో సరుకు మీద అప్పు. సరుకు కళ్ళారా చూసి రిపోర్టు మీద సంతకం చెయ్యాల్సింది నేను. ఆ రోజు వాన. మా మేనేజరుగారు, “పార్టీ నాకు బాగా తెలుసు, పెట్టెయ్యవయ్యా, సాయంత్రానికి పంపాలి” అన్నారు. పెట్టేశాను. ఆరు నెలల తర్వాత చూస్తే గోడౌనులో ఖాళీ గోనెసంచులున్నాయి. విచారణలో నేను, “సారు చెప్పారండీ” అన్నాను. విచారణ చేసే పెద్దమనిషి కాగితం నా వైపు తిప్పి, “సంతకం ఎవరిది?” అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే. ఒక ఇంక్రిమెంటు పోయింది. అది ఎప్పుడో మరిచాను. కాగితం తిప్పిన ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ కనపడుతుంది.

అందుకే ఆ ముసలి డాక్టరు, నువ్వే కదా వచ్చావన్నట్టు మాట్లాడినప్పుడు నాకు కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. ఆ డాక్టరు దుర్మార్గుడే. అతను చెప్పింది అబద్ధం మాత్రం కాదు. సినిమా మీద నా ఫిర్యాదూ ఇక్కడే ఉంది. ఇంత పెద్ద నిజం చెప్పి, వెంటనే ఫ్యాక్సు మిషను దగ్గరికి పరుగెత్తింది. పామెలా లాండీ అనే అధికారిణి రహస్య కాగితాలన్నీ ఫ్యాక్సులో బయటికి పంపేస్తుంది, పెద్దలు పట్టుబడతారు, బోర్న్ నదిలోకి దూకి ఈదుకుపోతాడు. మొదట నీళ్ళలో తేలినవాడు చివరా నీళ్ళలోనే. చూడముచ్చటగా ఉంది. కానీ పెద్దలు పట్టుబడితే మన సంతకం చెరిగిపోతుందా? ఈ విషయంలో రెండో సినిమాయే నాకు నచ్చింది. అందులో బోర్న్ మాస్కో వెళ్ళి, తను చంపిన దంపతుల కూతురి ఎదుట కూర్చుని, చంపింది నేనేనని చెబుతాడు. ఆ పిల్లకి అప్పటిదాకా తల్లే తండ్రిని చంపిందని తెలుసు. ఆ ఘట్టంలో పరుగులూ లేవు, ఫ్యాక్సులూ లేవు.

మూడోదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. డాబా మీద తుపాకి గురిపెట్టిన మరో హంతకుణ్ణి, నన్నెందుకు చంపాలో నీకు తెలుసా అని బోర్న్ అడుగుతాడు. వాడు తుపాకి దించేస్తాడు. తనకి రావలసిన ప్రశ్న తనకి రాలేదు, కనీసం ఎదుటివాడికి ఇచ్చాడు.

ఆ రాత్రి మమ్మల్ని కారులో ఇంటికి దింపింది మా చెల్లెలి కొడుకు. భువనేశ్వర్లో ఒక ప్రైవేటు బ్యాంకులో చేరి ఏడాదైంది. హాల్లో అందరికంటే గట్టిగా కెమెరా గొప్పదని వాదించింది వీడే. డాక్టరు ఘట్టం దగ్గర్నుంచి నోరెత్తలేదు. ఇంటి ముందు కారాపి, “మావయ్యా, ఒకటి అడగనా?” అన్నాడు. అడగమన్నాను.

“డిపాజిట్టుకి వచ్చిన ముసలివాళ్ళకి ఇన్సూరెన్సు పాలసీ కలిపి అమ్మమంటున్నారు. ‘నాకన్నీ వివరించారు’ అనే గడిలో టిక్కు మేమే పెట్టేస్తాం. పెట్టేది నేనే, నా ఐడీ మీదే. అందరూ అలాగే చేస్తారని మా పైవాళ్ళు అంటారు.”

నేను మా గోడౌను కథ చెప్పాను. వాడికి ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడ వెనక సీట్లోంచి, “అప్పుడు మీ మావయ్య పది రోజులు సరిగ్గా అన్నం తినలేదు” అంది.

“మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఉద్యోగం వదిలెయ్యనా?” అన్నాడు.

వదిలెయ్యమనలేదు. వాళ్ళింటి అప్పు నాకు తెలుసు. ఇప్పటిదాకా టిక్కు పెట్టినవాళ్ళ జాబితా రాసుకోమన్నాను. పాలసీ కాగితాలు చేతికొచ్చాక వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువుంటుంది. ఆ గడువు ఇంకా దాటనివాళ్ళకి ముందు ఫోను చేసి, నువ్వు చెప్పనిది ఇప్పుడు చెప్పమన్నాను. “మేనేజరుకి తెలిస్తే?” అన్నాడు. తెలుస్తుందన్నాను.

వాడు తల వంచుకుని కాసేపు స్టీరింగు మీద గోటితో గీసి, “పదకొండు మంది ఉంటారు మావయ్యా” అన్నాడు. సంచిక అచ్చుకి వెళ్ళేనాటికి నలుగురికి చేశాడట. ఒకావిడ తిట్టిందట.