రక్తపు బొట్టు చాలు.. కబురు చేరితేనే మేలు
నవజాత శిశువుల పరీక్షలో మలి అడుగే కీలకం

ఎల్‌బీనగర్‌, దిల్‌సుఖ్‌నగర్‌: పుట్టిన రెండు మూడు రోజులకు శిశువు మడమపై గుచ్చి, కొద్ది రక్తపు బొట్లను అద్దుడు కాగితంపై సేకరిస్తే పలు జన్యు వ్యాధుల జాడ తెలుస్తుంది. ఊపిరితిత్తులను, క్లోమాన్ని దెబ్బతీసే సిస్టిక్‌ ఫైబ్రోసిస్‌ వాటిలో ఒకటి. బ్రిటన్‌లో 2007 నుంచి, అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లో 2010 నాటికి ఈ పరీక్ష ప్రతి శిశువుకూ అందుబాటులోకి వచ్చింది. మన దేశంలో మాత్రం ఇది తప్పనిసరి కాదు.

నగరానికి అనుభవం ఉంది
ఈ తరహా పరీక్షలు హైదరాబాద్‌కు కొత్త కాదు. నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించిన సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు 2004లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్‌ లోపం ఉన్నట్లు అందులో తేలింది. ఆ సంస్థ నేడు ఎల్‌బీనగర్‌కు చేరువలోని ఉప్పల్‌లోనే ఉంది.

అనుమానమే.. నిర్ధారణ కాదు
సిస్టిక్‌ ఫైబ్రోసిస్‌ ఉన్న శిశువుల రక్తంలో క్లోమం నుంచి వచ్చే ఐఆర్‌టీ అనే పదార్థం అధికంగా ఉంటుంది. అయితే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లోనూ అది పెరగవచ్చు. కనుక మలి పరీక్ష అవసరం. చెమటలో క్లోరైడ్‌ లీటరుకు 60 మిల్లీమోల్స్‌ లేదా అంతకు మించితే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. పాశ్చాత్యుల్లో అధికంగా కనిపించే జన్యులోపం మన వారిలో అంతగా లేనందున, అక్కడి జాబితాల ఆధారంగా చేసే జన్యు పరీక్షను మాత్రమే నమ్ముకోలేం.

ఊరికి వెళ్లాక వెతికేదెవరు?
అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎల్‌బీనగర్‌ విజయవాడ జాతీయ రహదారికి ముఖద్వారం. ఇక్కడ కాన్పు జరిగిన బాలింతలు కొందరు నల్గొండ, సూర్యాపేట వైపు ఉన్న పుట్టిళ్లకు తరలిపోతారు. ఫలితం వచ్చేసరికి తల్లీబిడ్డలు ఆసుపత్రిలో ఉండరు. ఫోన్‌ నంబరు మారితే కబురు అందదు. ఆపై బిడ్డ బరువు పెరగకపోవడాన్ని, వీడని దగ్గును న్యుమోనియాగానో, క్షయగానో పొరబడే ప్రమాదముంది. ముందే తెలిస్తే ఎంజైములు, పోషకాహారం, ఛాతీ ఫిజియోథెరపీతో ఊపిరితిత్తులను కాపాడుకోవచ్చు.

తల్లిదండ్రులిద్దరూ లోపమున్న జన్యువును మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఈ ముప్పు అధికం. పరీక్ష ప్రారంభించడమొక్కటే చాలదు. పుట్టింటి చిరునామా, రెండో ఫోన్‌ నంబరు నమోదు చేసి, ఆ గ్రామ ఆశా కార్యకర్తకు సమాచారం చేరవేసే ఏర్పాటు ఉండాలి. లేకుంటే ఆ రక్తపు బొట్టు కాగితంపైనే ఎండిపోతుంది.